తెరుచుకోని యాక్సెస్ ఫైలు

ప్రశ్న: దుకాణం ఖాతాలన్నీ మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో ఉన్నాయి. పని మధ్యలో కరెంటు పోయింది. అప్పటినుంచి ఫైలు తెరుచుకోవడం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, మనూర్ (నారాయణఖేడ్)

జవాబు: యాక్సెస్ ఫైలులో రాత జరుగుతుండగా కరెంటు పోతే ఫైలులోని కొన్ని భాగాల రాత సగంలో ఆగిపోవచ్చు. అందుకే ఫైలు దెబ్బతింటుంది. ముందుగా దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయాలి. ప్రయోగాలన్నీ కాపీ మీదే జరగాలి, అసలు ఫైలును ముట్టుకోకూడదు.

అదే ఫోల్డర్‌లో అదే పేరుతో .laccdb (పాత ఫైలుకైతే .ldb) ఉందేమో చూడాలి. అది తాళం ఫైలు. డేటాబేస్‌ను ఎవరూ వాడటం లేదని నిర్ధారించుకున్నాకే దాన్ని తొలగించాలి.

అప్పటికీ తెరుచుకోకపోతే, యాక్సెస్‌లో వేరే ఖాళీ డేటాబేస్ తెరిచి మూసేసి, ‘డేటాబేస్ టూల్స్’లోని ‘కాంపాక్ట్ అండ్ రిపేర్’కు కాపీని అప్పగించాలి. అదీ ఫలించకపోతే కొత్త డేటాబేస్‌లోకి పట్టికలను ఒక్కొక్కటిగా ఇంపోర్ట్ చేయాలి. ఒక పట్టిక చెడినా మిగతావి దక్కుతాయి.

కొన్నిసార్లు ఫైలు బాగానే ఉంటుంది, వెర్షన్ కుదరదు. .accdb రకం యాక్సెస్ 2007తో వచ్చింది, 2003 దాన్ని తెరవలేదు. యాక్సెస్ 97 ఫైళ్లను 2013 నుంచి వచ్చిన వెర్షన్లు తెరవవు. వాటిని యాక్సెస్ 2010లో తెరిచి .accdb రకంలోకి మార్చుకోవాలి. ఫైలు పరిమాణం 2 జీబీ దాటకూడదన్న పరిమితీ ఉంది.

కంప్యూటర్‌కు యూపీఎస్, ఏ రోజు ఖాతాకు ఆ రోజే వేరేచోట బ్యాకప్ ఉంటే ఈ నష్టం చాలావరకు తప్పుతుంది.