గోడలోని ఎర్త్ వైరుకి జవాబుదారీ ఎవరు?

గీజర్ ఆన్ చేసి కుళాయి పట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందని అద్దెకున్నవాళ్లు చెబితే, చాలా ఇళ్లలో వచ్చే జవాబు “చెప్పులేసుకుని వెళ్లండి” అనే. ఫ్లాట్ కొన్నవాళ్లు అడిగితే బిల్డరు ఎలక్ట్రీషియన్ మీదికి, ఎలక్ట్రీషియన్ కరెంటాఫీసు మీదికి నెడతారు. ఎర్తింగ్ అంటే ఇష్టముంటే పెట్టించేది, లేకుంటే మానేసేది అన్న భావన పాతుకుపోయింది. గోడలో ఆ వైరు ఉందో లేదో కాపురముండేవాళ్లకి కనిపించదు. అది తెలిసేది వేసినవాడికి, వేయించినవాడికి. కాబట్టి దాని బాధ్యతా వాళ్లదేనని నా వాదన. చట్టం కూడా చాలావరకు ఇదే పక్కన ఉంది.

ముందు మీటరు సంగతి. సరఫరా మొదలయ్యే చోట, వినియోగదారు చేతికందేలా ఎర్త్ టెర్మినల్ పెట్టి, అది చెడకుండా చూసుకోవాల్సింది కరెంటిచ్చే సంస్థే. 1956 నాటి విద్యుత్ నియమావళిలో 33వ నియమం ఈ మాటే చెప్పింది. 2010లో వచ్చిన భద్రతా నిబంధనల్లో 16వదీ అదే చెప్పింది. వాటి స్థానంలో వచ్చిన 2023 నిబంధనల్లోనూ ఆ బాధ్యత పోలేదు. పెట్టినందుకయ్యే ఖర్చు మన దగ్గర వసూలు చేయొచ్చు కానీ, పెట్టకుండా ఉండటానికి వీల్లేదు. మీటరు దాటాక లోపలి వైరింగ్ లైసెన్సున్న కాంట్రాక్టరు చేతే చేయించాలి. వైరు మందానికి ఐఎస్ 3043 ప్రమాణం సులువైన లెక్క ఇచ్చింది: ఫేజు వైరు 16 చదరపు మిల్లీమీటర్ల దాకా ఉంటే, రెండూ రాగివే అయినప్పుడు, ఎర్త్ వైరూ అంతే ఉండాలి. ఏసీకి 4 ఎంఎం ఫేజు లాగితే ఎర్తూ 4 ఎంఎం. “ఎర్త్‌లో కరెంటు పారదు కదా” అని సన్న తీగతో సరిపెట్టేవాళ్లున్నారు. లోపం వచ్చిన క్షణాన పారేదంతా ఆ తీగ గుండానే.

మందం సరిగ్గా ఉన్నా, కలిపిన చోట కొంప మునుగుతుంది. ఎర్త్ గుంతలోని జీఐ పైపుకి రాగి తీగను నాలుగు చుట్లు చుట్టి వదిలేస్తారు. తేమ తగిలేకొద్దీ పైపు మీది జింకు పూత తినేసుకుపోతుంది, రాగికి పచ్చగా చిలుము పడుతుంది. చూడ్డానికి తీగ అంటుకునే ఉంటుంది కానీ దారి తెగినట్టే. తీగ కొసకి తగరం పూత ఉన్న లగ్గు క్రింప్ చేసి, బోల్టుతో బిగించి, అప్పుడప్పుడూ విప్పి చూడాలి. ఇంతకన్నా ఘోరం సాకెట్‌లో జరుగుతుంది. ఎర్త్ వైరు రాని చోట, న్యూట్రల్ నుంచి ఒక తీగముక్క తెచ్చి మూడో పిన్నుకి కలిపేస్తారు. ఫేజుకీ ఆ రంధ్రానికీ మధ్య బల్బు పెట్టి చూస్తే నిక్షేపంగా వెలుగుతుంది, ఎర్త్ ఉందని నమ్ముతాం. ఎక్కడో న్యూట్రల్ తెగిందా, ఆ ముక్క గుండానే కరెంటు వాషింగ్ మెషిన్ ఒంటి మీదికొస్తుంది.

బల్బుతో పరీక్షించినా బయటపడని లోపాన్ని “మీరే చూసుకోవాల్సింది” అనడం న్యాయం కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108(ఎ) చెప్పేదీ దాదాపు ఇదే: తనకు తెలిసి, మామూలు జాగ్రత్తతో అద్దెదారు కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని యజమాని ముందే చెప్పాలి. కొన్న ఫ్లాటైతే రెరా చట్టం 14(3) ఇంకా గట్టిది. స్వాధీనం చేసిన తేదీ నుంచి ఐదేళ్లలోపు పనితనంలోనో, నాణ్యతలోనో లోపం చూపిస్తే, బిల్డరు 30 రోజుల్లో పైసా తీసుకోకుండా సరిచేయాలి, లేదంటే పరిహారం కట్టాలి. పని చేసింది సబ్‌కాంట్రాక్టరని తప్పించుకోలేడు. కొన్నవాళ్లకి జవాబు చెప్పాల్సింది అతనే.

“ఎంసీబీ ఉంది కదా” అంటారు కొందరు. 230 వోల్టులు 5 ఓంల ఎర్త్ గుంత గుండా పారితే 46 ఆంపియర్లు మించవు. 16 ఆంపియర్ల సీ-రకం ఎంసీబీ వెంటనే పడాలంటే కనీసం 80 కావాలి. అందుకే కరెంటు లీకైతే పసిగట్టి సరఫరా ఆపే ఆర్‌సీసీబీ కూడా ఉండాలి. ఎర్త్ లేకుండా అదొక్కటే ఉంటే, మనిషి ఒంటి గుండా కరెంటు పారాకే అది పడుతుంది. “అగ్రిమెంటులో ఉన్నది ఉన్నట్టుగా అని రాసుకున్నాం” అన్నది ఇంతకన్నా బలమైన అభ్యంతరం. నిజమే, 108వ సెక్షన్ వేరే ఒప్పందం లేనప్పుడే వర్తిస్తుంది. సంతకానికి ముందే ఎర్తింగ్ గురించి ఒక వాక్యం రాయించుకోమనేది ఇందుకే. అయితే నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోయిందని రుజువైతే, భారతీయ న్యాయ సంహిత 106(1) కింద ఐదేళ్ల దాకా శిక్ష పడొచ్చు. అగ్రిమెంటు షరతు దానికి అడ్డం రాదు. ఇక కరెంటిచ్చే సంస్థ, అంటే డిస్కం మీదే కేసు వేస్తే పోలేదా అంటే, 2002లో శైల్ కుమారి కేసులో సుప్రీంకోర్టు విద్యుత్ బోర్డును తప్పుతో నిమిత్తం లేకుండా బాధ్యురాలిని చేసింది రోడ్డు మీద తెగిపడిన లైను విషయంలో. ఇంట్లో ప్రమాదానికి ఆ తీర్పు అంత తేలిగ్గా అతకదు. లోపం మీటరుకి ఇవతలా అవతలా అన్నది ముందు తేలాలి.

అది తేల్చేది కాగితమే. లైసెన్సున్న మనిషి చేత ఎర్త్ టెస్టర్‌తో కొలిపించి, సంతకంతో రిపోర్టు తీసుకోండి. దాన్ని జతచేసి యజమానికో బిల్డరుకో రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. మీటరు దగ్గరి టెర్మినల్ లోపమైతే డిస్కంకి, అక్కడ కదలకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకి రాయండి. ప్రమాదమే జరిగితే మెయిన్ ఆపి, ఆ సాకెట్‌నీ తీగనీ మార్చకుండా ఉంచి, విద్యుత్ తనిఖీ అధికారికి తెలియజేయండి. విద్యుత్ చట్టం 161 కింద విచారణ జరిపేది ఆయనే. బిల్డరు మీదో వైరింగ్ కాంట్రాక్టరు మీదో వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలంటే గడువు రెండేళ్లు.