జేబులో ఉండవలసిన బీకన్

1972 అక్టోబరు 16వ తేదీ ఉదయం. అలాస్కాలోని యాంకరేజ్ నుంచి జూనో పట్టణానికి ఒక చిన్న విమానం లేచింది. సెస్నా 310 రకం. పైలట్‌తో కలిపి నలుగురు మనుషులు. వారిలో ఒకరు హేల్ బాగ్స్, అమెరికా ప్రతినిధుల సభలో మెజారిటీ పక్షం నాయకుడు. ఇంకొకరు అలాస్కా నుంచి ఎన్నికైన సభ్యుడు నిక్ బెగిచ్. ఆ విమానం జూనో చేరలేదు. ముప్ఫయి తొమ్మిది రోజులు వెదికారు. ఒక్క రేకు ముక్క దొరకలేదు. ఇవాళ్టికీ దొరకలేదు.

దర్యాప్తులో ఒక సంగతి బయటపడింది. ఆపదలో సంకేతాలు పంపే చిన్న రేడియో ఒకటి విమానంలో ఉండాలని అలాస్కా చట్టం. ఆ పైలట్‌కి అలాంటిది ఉంది కూడా. చేత్తో పట్టుకుపోగలిగిన రకం. అయితే అది ఆ విమానంలో లేదు. ఫెయిర్‌బాంక్స్‌లో ఉన్న వేరే విమానంలో దొరికింది!

అది వెంట ఉంటే ఆ నలుగురూ బతికేవారని ఎవరూ చెప్పలేరు. ఎక్కడ వెదకాలో తెలిసే అవకాశం మాత్రం ఉండేది.

ఈ రేడియోనే బీకన్ అంటారు. బీకన్ అంటే దీపస్తంభం. రాత్రిపూట ఓడలకు సముద్రతీరాన వెలిగే దీపం ఎలాంటిదో, వెదికేవాళ్ళకు ఇది అలాంటిది. వెలుగుకు బదులు రేడియో తరంగాలు విడుస్తుంది, అంతే. చిన్న విమానం నడిపే పైలట్ ఇలాంటిదొకటి కొనుక్కోవాలంటే ఏం చూసి కొనుక్కోవాలి? మీలో ఎవరూ ఇవాళ విమానం నడపబోవడం లేదనుకోండి. కాని ఈ బేరంలో మీ ఫిజిక్సు పుస్తకంలోని పాఠాలు నాలుగైదు దాగి ఉన్నాయి.

ముందు ఒక సందేహం తీర్చుకుందాం. ఇంత పెద్ద విమానం కనపడకుండా ఎలా పోతుంది? పెద్ద విమానాలు ఎత్తున ఎగురుతాయి, రాడార్లు వాటిని కనిపెట్టుకుని ఉంటాయి. చిన్న విమానాలు కొండల మధ్య నుంచి, రాడారుకు అందనంత కిందుగా పోతుంటాయి. పడితే చెట్లు మూసేస్తాయి, మంచు కప్పేస్తుంది. మన నల్లమల సంగతి మీ పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. 2009 సెప్టెంబరు 2న ఉదయం 8 గంటల 38 నిమిషాలకు ఆనాటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారితో బేగంపేట నుంచి లేచిన హెలికాప్టరు ఆ అడవిలో కూలిపోయింది. వైమానిక దళం, పోలీసులు, అడవి తెలిసిన స్థానికులు అందరూ వెదికినా ఎక్కడ పడిందీ మర్నాడు ఉదయం గాని తెలియలేదు. ఒక ముఖ్యమంత్రి కోసం వెదికితేనే అంతసేపు పట్టింది.

వెదకడంలో జాప్యం ఎంత పని చేస్తుందో చెప్పే కథ ఇంకొకటి ఉంది. 1967 మార్చిలో ఉత్తర కాలిఫోర్నియా కొండల్లో ఒక చిన్న విమానం మంచులో కూలింది. అందులో భార్యాభర్తలు, పదహారేళ్ళ అమ్మాయి. ముగ్గురూ ప్రాణాలతో బయటపడ్డారు. ఆయన సాయం కోసం నడిచి వెళ్ళి తిరిగి రాలేదు. తల్లీ కూతురూ ఏడెనిమిది వారాల పాటు బతికే ఉన్నారని వాళ్ళు రాసుకున్న డైరీ చెప్పింది. విమానం దొరికింది అక్టోబరులో. చిన్న విమానాలలో బీకన్ ఉండి తీరాలని ఆ తర్వాత అమెరికా చట్టం చేయడానికి ఈ ఘోరం ఒక కారణం.

పరుగెత్తే చెవి

మొదట వచ్చిన బీకన్లు 121.5 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యం మీద కూసేవి. నిజంగా కూతే. ఆ దారిన పోయే విమానం రేడియోలో 'కుయ్' మని దిగజారే ధ్వని వినిపించేది. వినేవాడు ఆ పైనుంచి పోతే సరి. పోకపోతే?

అందుకని వినే చెవిని ఉపగ్రహంలో పెట్టారు. అమెరికా, కెనడా, ఫ్రాన్స్, సోవియట్ యూనియన్ కలిసి మొదలుపెట్టిన పని ఇది. దాని పేరు కాస్పాస్-సార్సాట్. బద్ధశత్రువుల్లా ఉన్న ఆ రోజుల్లో అమెరికా, సోవియట్ యూనియన్ ఇలాంటి పనికి చేతులు కలపడం చిన్న విషయం కాదు. మొదటి ఉపగ్రహాన్ని సోవియట్లు 1982 జూన్ 30న ఎగరేశారు. సెప్టెంబరు 10నే అది కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో కూలిన ఒక చిన్న విమానం కేక వింది. ముగ్గురు బతికి బయటపడ్డారు. చిత్రమేమిటంటే వాళ్ళు బయలుదేరింది కూడా అంతకు ముందు తప్పిపోయిన మరో విమానాన్ని వెదకడానికే.

విన్నది సరే, కేక ఎక్కడి నుంచి వచ్చిందో ఎలా తెలిసింది? రైలుగేటు దగ్గర నిలబడి కూత విన్నారా? ఇంజను మనవైపు వస్తున్నంతసేపూ కూత హెచ్చు శ్రుతిలో ఉంటుంది. మనల్ని దాటగానే శ్రుతి తగ్గిపోతుంది. దీన్ని డాప్లర్ ఫలితం అంటారు. ఇక్కడ తిరగేసి చూడాలి. కూసేది నేలమీద కదలకుండా ఉంది, చెవే పరుగెడుతోంది, అదీ సెకనుకు 7 కిలోమీటర్లకు పైగా. శ్రుతి హెచ్చు నుంచి తగ్గుకు మారే క్షణంలో ఉపగ్రహం బీకన్‌కు అతి దగ్గరగా ఉన్నట్టు. ఆ మార్పు చప్పున జరిగితే బీకన్ దాని దారికి దగ్గర, మెల్లగా జరిగితే దూరం. కుడి వైపా, ఎడమ వైపా అన్న అనుమానం ఒకటి మిగులుతుంది. భూమి తనచుట్టూ తాను తిరుగుతుండడం వల్ల లెక్కలో వచ్చే చిన్న తేడా, లేదా ఉపగ్రహం రెండోసారి రావడం, దాన్ని తేలుస్తుంది.

లెక్క మీరే చేయవచ్చు. ఉపగ్రహం వేగాన్ని కాంతి వేగంతో భాగించి పౌనఃపున్యంతో గుణించడమే. ఏడుని మూడు లక్షలతో భాగించి 12 కోట్ల 15 లక్షలతో గుణిస్తే 2,835 వస్తుంది. అంటే 121.5 మెగాహెర్ట్జ్ కూత సుమారు 2,800 హెర్ట్జ్ అటూ ఇటూ కదులుతుంది. (ఉపగ్రహం బీకన్‌కు సూటిగా ఎదురు రాదు, పైనుంచి పోతుంది. అంచేత నిజంగా కొంచెం తక్కువే.) కూసేవాడి శ్రుతే నిలకడగా లేకపోతే ఈ లెక్కంతా చెడుతుంది. పాత బీకన్లకు సరిగ్గా ఆ జబ్బే ఉండేది. అవి చెప్పే చోటుకు చుట్టూ దాదాపు 20 కిలోమీటర్ల మేర వెదకవలసి వచ్చేది.

వాటికి ఇంకో జబ్బు కూడా ఉంది. కూసేదెవరో చెప్పవు. 2004 అక్టోబరులో అమెరికాలోని ఆరిగన్ రాష్ట్రంలో కోర్వాలిస్ అనే ఊళ్ళో ఒక కాలేజీ కుర్రాడి గది తలుపు తట్టారు పోలీసులు, గాలింపు దళంవాళ్ళు. ఉపగ్రహం విన్న ఆపద కేక ఆ గదిలోంచే వస్తోంది. వెదికితే అది అతని టెలివిజన్! పాడైపోయి సరిగ్గా 121.5 మీద తరంగాలు విడుస్తోంది. నవ్వొస్తుంది గాని, ఇలాంటి దొంగకేకల వెంట పరుగెత్తే దళం నిజమైన కేకకు ఆలస్యంగా చేరుతుంది. 2009 ఫిబ్రవరి 1 నుంచి ఉపగ్రహాలు 121.5ను వినడం మానేశాయి.

ఇప్పుడు అవి వినేది 406 మెగాహెర్ట్జ్ బీకన్లను. కనుక పైలట్ మొదట చూసుకోవలసింది ఇది. తక్కువ ధరకు వస్తోందని 121.5 మాత్రమే ఉన్న పాతది కొంటే ఆకాశంలో వినేవాడు లేని కూత కొన్నట్టే.

కొత్త బీకన్ ఎడతెగకుండా కూయదు. సుమారు 50 సెకన్లకొకసారి, అరసెకను సేపు, 5 వాట్ల శక్తితో ఒక్క అరుపు అరిచి ఊరుకుంటుంది. ఎందుకో చూడండి. అయిదు వాట్లు అరసెకను అంటే రెండున్నర జౌళ్ళు. వాటులో పదోవంతుతో ఏకధాటిగా కూసే పాత బీకన్ అదే 50 సెకన్లలో 5 జౌళ్ళు తాగేస్తుంది. సగం ఖర్చుతో, అరిచినప్పుడు యాభై రెట్లు గట్టిగా అరుస్తోందన్నమాట! ఆ అరుపులో అంకెల రూపంలో దాని పేరు కూడా ఉంటుంది. ఏ దేశానిదో మూడంకెల్లో చెబుతుంది. మన దేశానిది 419. శ్రుతి నిలకడ కూడా బాగుంటుంది కనుక డాప్లర్ లెక్క 5 కిలోమీటర్ల లోపుకు తీసుకొస్తుంది. లోపల జి.పి.ఎస్. కూడా ఉంటే వంద మీటర్లకు.

ఈ మూడు దూరాల్నీ వ్యాసార్ధాలుగా తీసుకుని వైశాల్యాలు కట్టండి. 20 కిలోమీటర్లకు 1,256 చదరపు కిలోమీటర్లు. అయిదుకు 78. వంద మీటర్లకు ఎనిమిది ఎకరాలు, ఒక రైతు చేనంత. జి.పి.ఎస్. ఉన్నదానికి ఎక్కువ డబ్బు ఎందుకివ్వాలో ఇక చెప్పనక్కరలేదు. ఇంకో కారణం కూడా ఉంది. 36,000 కిలోమీటర్ల ఎత్తున కదలనట్టు కనిపించే ఉపగ్రహాలు కేకను వెంటనే వింటాయి. కాని అవి మనకు ఎదురు రావు, దూరం పోవు కనుక డాప్లర్ లెక్కకు పనికిరావు. బీకనే తన చోటు చెబితే తప్ప వాటికి తెలియదు. ఇటీవల దాదాపు 20,000 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జి.పి.ఎస్., గెలీలియో ఉపగ్రహాలలో కూడా ఈ చెవులు అమర్చారు. ఒకేసారి చాలా చెవులు వింటాయి కనుక నిమిషాలలో చోటు తేలుతోంది. మన దేశానికి చెందిన కేకలను ఇస్రో బెంగుళూరులో నడిపే కేంద్రం అందుకుంటుంది.

తోకలోదా, జేబులోదా?

అసలు తికమక ఇక్కడ ఉంది. విమానం తోకలో బిగించే బీకన్‌ను ఇ.ఎల్.టి. అంటారు. గట్టిగా కుదుపు తగిలితే దానంతటదే మోగుతుంది. పైలట్ స్పృహ తప్పినా ఫరవాలేదు. అది దాని గొప్ప. దాని లోపం కూడా అక్కడే ఉంది: విమానానికి ఏమైతే దానికీ అదే అవుతుంది. కూలినప్పుడు ఏరియల్ విరగవచ్చు, తీగ తెగవచ్చు, మంట అంటుకోవచ్చు, నీళ్ళలో మునగవచ్చు. నీళ్ళలోంచి 406 మెగాహెర్ట్జ్ తరంగం పైకి రాదు. స్టీవ్ ఫాసెట్ పేరు విన్నారా? బెలూనులో ఒంటరిగా భూప్రదక్షిణ చేసిన సాహసి. 2007 సెప్టెంబరు 3న నెవాడాలో చిన్న విమానంలో లేచి మాయమయ్యాడు. విమానంలో పాతరకం ఇ.ఎల్.టి. ఉంది. ఒక్క కూతా ఎవరికీ వినిపించలేదు. ఏడాది దాటాక కొండలెక్కే ఒకాయనకు ఆయన గుర్తింపు కార్డులు కనిపిస్తేనే జాడ తెలిసింది.

రెండో రకం పి.ఎల్.బి. అంటే మనిషి తన వెంట ఉంచుకునే బీకన్. అరచేతిలో ఇమిడిపోతుంది, చిన్నవాటి బరువు నూటపాతిక గ్రాముల ప్రాంతం. దీన్ని మనిషే మోగించాలి. చేతులు విరిగినా, స్పృహ లేకపోయినా ఇది మూగదే. కాని విమానం మునిగినా, తగలబడినా, బయటపడ్డ మనిషితో పాటు ఇదీ బయటపడుతుంది.

కనుక ఒకదానికి బదులు ఒకటి అనుకోవడం పొరపాటు అని నా ఉద్దేశం. ఒకటి విఫలమయ్యే చోట ఇంకొకటి పనిచేస్తుంది. తోకలో ఇంకా 121.5 రకం మిగిలి ఉన్న పాత విమానం నడిపేవాడికయితే జేబులోది మరీ అవసరం.

జేబులోది అన్నాను. బ్యాగులోది అనలేదు. నీళ్ళ మీద దిగిన విమానంలోంచి బయటపడేవాడు వెనక సీటులోని సంచి కోసం చెయ్యి చాపే వ్యవధి ఉండదు. ఒంటిమీద ఉన్నదే వస్తుంది. అంచేత కొనేముందు దాన్ని చొక్కా జేబులోనో, లైఫ్ జాకెట్‌లోనో పెట్టుకుని, బెల్టు బిగించుకుని కూర్చుని చూడాలి. ఏ చేయి విరుగుతుందో ముందుగా తెలియదు కదా! ఏరియల్ విప్పడం, మీట నొక్కడం ఒంటిచేత్తో చేయగలగాలి, కుడిచేత్తో ఒకసారి, ఎడమచేత్తో ఒకసారి. కొన్ని నీటిపై తేలుతాయి, కొన్ని తేలవు, వాటికి తేలే సంచీ కావాలి. చలి సంగతి కూడా చూడాలి. చలికి బ్యాటరీలోని రసాయన చర్య మందగిస్తుంది. మామూలు రకం సున్నాకు 20 డిగ్రీలు దిగువన కూడా 24 గంటలు పనిచేయాలని నియమం. 40 డిగ్రీల దిగువకు తట్టుకునే రకం వేరే ఉంది. నెల్లూరు మీద ఎగిరేవాడికి అది దండగ, అలాస్కాలో ఎగిరేవాడికి కాదు. బ్యాటరీ మార్చవలసిన సంవత్సరం పెట్టె మీద అచ్చువేసి ఉంటుంది. దుకాణంలో రెండేళ్ళు పడి ఉన్నదానికి ఆ రెండేళ్ళూ తగ్గినట్టే.

మోగించేటప్పుడు ఏరియల్ నిలువుగా, ఆకాశం బాగా కనిపించే చోట ఉండాలి. కొండచరియ కిందో, విమానం రెక్క కిందో పెడితే అరుపు అక్కడే ఆగిపోతుంది. గాలింపు విమానం దగ్గరికి వచ్చాక పాత 121.5 మళ్ళీ అక్కరకొస్తుంది. కొత్త బీకన్లు సన్నగా ఆ కూత కూడా కూస్తూ ఉంటాయి, పైవాళ్ళు దాని వెంట వచ్చేందుకు.

ఇక రిజిస్టరు చేయించడం. చాలామంది బద్ధకించేది ఇక్కడే. బీకన్ తన నెంబరు చెప్పగానే కేంద్రంవాళ్ళు రికార్డు తీసి అందులో ఉన్న నెంబరుకు ఫోను చేస్తారు. బీకన్ పొరపాటున కారు డిక్కీలో నలిగి మోగిందని తెలిస్తే ఒక హెలికాప్టరు ఖర్చు తప్పుతుంది. నిజంగానే విమానం తిరిగి రాలేదంటే గాలింపు ఎటు మొదలుపెట్టాలో తెలుస్తుంది. అంచేత అక్కడ రాయవలసింది పైలట్ సొంత నెంబరు ఒక్కటే కాదు. కొండల్లో పడి ఉన్నవాడు ఫోను ఎత్తలేడు. ఇంట్లో ఉండి, ఆయన ఇవాళ ఏ వైపు వెళ్ళాడో, ఎన్నింటికి వస్తానన్నాడో చెప్పగలవాళ్ళ నెంబరు రాయాలి.