సడలిన మర

దేవాసుర సంగ్రామంలో దశరథుని రథచక్రానికి చీల ఊడిపోగా, కైకేయి తన వేలిని ఆ స్థానంలో నిలిపి చక్రం జారిపోకుండా కాపాడిందని జనశ్రుతి. వాల్మీకి రామాయణంలో ఈ చీల ముచ్చట లేదు. అక్కడ ఆమె గాయపడిన భర్తను యుద్ధభూమి నుండి దూరంగా తీసుకొనిపోయి రక్షించినట్లు మాత్రమే ఉన్నది. అయినా జనం చీల కథనే గుర్తుంచుకొన్నారు. రథం ఎంత దృఢమైనదైనా, దానిని నిలిపేది వేలెడంత ఇనుపముక్క అని బండి తోలిన ప్రతివానికీ తెలుసు. ఎడ్లబండ్లు అరుదైపోయిన ఈ కాలంలో అదే సత్యం సముద్రం మీద, మరొక వాహనం విషయంలో అనుభవానికి వస్తున్నది. ఆ వాహనం పేరు కైట్‌బోర్డు.

పేరు కొత్తదైనా అందులోని భావం సులభమైనది. పెద్ద గాలిపటం ఆకాశంలో గాలిని పట్టుకొంటుంది. దాని తాళ్లు క్రీడాకారుని నడుముపట్టీకి తగిలించి ఉంటాయి. అతని పాదాలు ఒక పలక మీది పట్టీలలో ఇమిడి ఉంటాయి. గాలి లాగుతూ ఉంటే పలక నీటిని కోసుకొంటూ సాగుతుంది. ఫ్రాన్సుకు చెందిన లెగైన్యూ సోదరులు 1984లో, గాలి నింపిన గొట్టాలతో ఆకృతి నిలుపుకొనే గాలిపటానికి పేటెంటు కోరారు. నీటిలో పడినా మునగక, తిరిగి పైకి లేవగల ఆ పటం ఈ క్రీడకు ప్రాణం పోసింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో భాగంగా మార్సెయ్ తీరంలో ఈ క్రీడలోని ఒక విభాగానికి తొలిసారి స్థానం లభించింది. మన దేశంలో రామేశ్వరం పరిసరాలలో దీనిని నేర్పుతున్నారు.

సాధారణంగా వాడే బోర్డు సుమారు నాలుగున్నర అడుగుల పొడవుంటుంది. లోపల పౌలోనియా వంటి తేలికైన కలప. పైనా క్రిందా ఎపాక్సీ జిగురుతో అతికిన గాజునార పొరలు. ఈ పలకకు పాదపట్టీలు, పాదాల క్రింది మెత్తలు, నడుమ చేతిపిడి, అడుగున ఫిన్లు అనే చిన్న రెక్కలు బిగిస్తారు. మెత్తని కలపలో మర నేరుగా నిలువదు. కావున బోర్డు తయారీలోనే లోపలి వైపు మరచుట్లు గల చిన్న లోహపు గూళ్లను కలపలో అమర్చి జిగురుతో పాతుతారు. వీటినే ఇన్సర్టులు అంటారు. స్క్రూ ఆ గూటిలోకి దిగుతుంది. చాలా బోర్డులలో దాని మందం 6 మిల్లీమీటర్లు. అంటే గాలిపటం లాగే బలమూ, అలల తాకిడీ, మనిషి బరువూ కలిసి చివరకు వచ్చి పడేది చిటికెనవేలంత కూడా లేని ఆ మరల మీదనే.

మర ఎందుకు సడలుతుంది? గట్టిగా బిగించకపోవడమే కారణమని చాలామంది అనుకొంటారు. అది సగమే నిజం. 1969లో గెర్హార్డ్ యుంకర్ అనే ఇంజనీరు తన పరిశోధనలో మరొక సంగతి నిరూపించాడు. మర నిలువునా లాగబడితే అంతగా సడలదు. బిగించిన రెండు వస్తువులు ఒకదానిపై ఒకటి పక్కకు జారుతూ కదిలితే, ఆ క్షణాలలో మరచుట్ల మధ్య రాపిడి పట్టు తప్పి, మర తనంతట తానే వెనుకకు తిరుగుతుంది. అలల మీద ఎగిరి పడే పాదం చేసేది సరిగ్గా ఇదే. దానికి తోడు మెత్తలు కొద్దికొద్దిగా అణగిపోతాయి. నిన్నటి బిగింపు నేటికి చాలదు.

ఇటువంటి మరకు చికిత్స కష్టం కాదు. దానిని ఊడదీసి, ఉప్పు పోయేలా మంచినీటితో కడిగి, ఆరబెట్టి, మరచుట్ల మీద లాక్‌టైట్ వంటి జిగురును ఒక్క బొట్టు వేసి, చేతి స్క్రూడ్రైవరుతో బిగించాలి. ఆ జిగురు స్వభావం విచిత్రమైనది. గాలి తగిలినంతసేపు ద్రవంగానే ఉంటుంది. గాలి సోకని మరచుట్ల నడుమ, లోహస్పర్శతో గట్టిపడుతుంది. అమెరికాలో వెర్నన్ క్రీబుల్ అనే రసాయన శాస్త్రాచార్యుడు 1953లో దీనిని రూపొందించాడు. మళ్లీ ఊడదీయడానికి వీలిచ్చే నీలిరంగు రకం ఇక్కడ చాలు. కొన్ని ప్లాస్టిక్కులను అది పగులగొట్టగలదు గనుక మెత్తల మీద పడనీయరాదు. విద్యుత్ యంత్రంతో బిగించడం మాత్రం తొందరపాటు. ఎక్కడ ఆపాలో చేతికి తెలిసినట్లు యంత్రానికి తెలియదు.

స్క్రూ పొడవు విషయంలో జరిగే పొరపాట్లు ఇంతకన్నా ప్రమాదకరం. పొట్టిదైతే రెండు మూడు చుట్లు మాత్రమే పట్టి, మొదటి గట్టి దెబ్బకే ఊడివస్తుంది. పొడవైతే గూటి అడుగును తాకి, ఇంకా బిగించేకొద్దీ ఆ గూటినే పైకి పెళ్లగిస్తుంది. ఒక స్క్రూ పోయినప్పుడు ఇంట్లో దొరికిన మరొకదానిని దిగవేసేవారు ఈ రెండింటిలో ఏదో ఒక తప్పు చేస్తారు.

స్క్రూ ఎంత తిప్పినా బిగియక, దానితోపాటు గూడు కూడా తిరుగుతూ ఉంటే అది వేరే రోగం. గూటి చుట్టూ వెంట్రుకవాసి పగులు కనిపిస్తుంది. ఆ సందులో నుండి సముద్రపు నీరు కలపలోకి చేరి ఉంటుంది. తడిసిన కలప ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, కుళ్లుతుంది. పైన గాజునార పొర నిగనిగలాడుతూనే ఉంటుంది. ఇక్కడ తొందరపడి పైపైన జిగురు పోసేవారు నీటిని లోపలే బంధించినవారవుతారు.

దీనికి ఓర్పే మొదటి మందు. గూటిని బయటికి తీసి, కుళ్లిన కలపను తొలిచివేసి, రంధ్రాన్ని చాలా రోజులు ఆరనివ్వాలి. గూటి వెలుపలి వైపు గరుకు చేయాలి. దూదినలుసులు కలిపి చిక్కబరచిన ఎపాక్సీని రంధ్రంలో నింపాలి. మైనం పూసిన స్క్రూను గూటిలో బిగించి ఉంచితే జిగురు మరచుట్లలోకి పోదు. గూడు బోర్డు ఉపరితలానికి సమంగా నిలువుగా కూర్చోవాలి. చేతులకు తొడుగులు, గదికి గాలి తప్పనిసరి. గట్టిపడేందుకు డబ్బా మీద సూచించిన సమయం పూర్తిగా గడవనివ్వాలి.

ఉప్పుతో బిగుసుకుపోయిన మరను వేడిచేసి తీసే పద్ధతి ఒకటున్నది. వేడిచేసిన ఇనుమును తల మీద ఆనిస్తే పట్టు వదులుతుంది. కాని ఆ వేడికే గూటిని పట్టి ఉంచిన ఎపాక్సీ కూడా మెత్తబడగలదు. మరను విడిపించబోయి గూటిని పోగొట్టుకొన్నవారున్నారు. కావున క్షణకాలం ఆనించి, తిప్పి చూసి, మళ్లీ ఆనించడమే మార్గం.

ఇంత శ్రమ ఎందుకనేవారు తీరానికి దూరంగా పాదపట్టీ ఊడిపోయిన మనిషిని ఊహించుకోవాలి. పాదం జారుతుంది. బోర్డు అలలతో కొట్టుకొనిపోతుంది. గాలిపటం మాత్రం లాగడం ఆపదు. అప్పుడతడు బోర్డు లేకుండా, పటం లాగుడుకు శరీరాన్ని అప్పగించి, నీటిలో ఈడ్చుకొంటూ ఒడ్డు చేరాలి. గాలి ఒడ్డు నుండి సముద్రం వైపు వీస్తున్నదైతే ఆ దారి కూడా మూసుకొనిపోతుంది.

అనుభవజ్ఞులైన క్రీడాకారులు బిగింపు పూర్తయ్యాక స్క్రూ తల మీదుగా మెత్త వరకు రంగుతో ఒక సన్నని గీత గీస్తారు. మర ఏమాత్రం తిరిగినా గీత రెండుగా విడిపోతుంది. కొత్తగా బాగుచేసిన బోర్డుతో మొదట ఒడ్డుకు దగ్గరలోనే కాసేపు తిరిగి, వెనుకకు వచ్చి, ఇసుకలో కూర్చొని ఆ గీతలను ఒక్కొక్కటిగా చూసుకొంటారు. విరిగినది కనిపిస్తే సంచిలోని స్క్రూడ్రైవరు బయటికి వస్తుంది.