టీచరు సింగపూర్‌లో చూసిన మడ, మన పిల్లలు చూడని మడ

మీ పిల్లల టీచరు అధ్యయన యాత్రకని సింగపూర్ వెళ్లి వస్తే, సుంగై బూలో సంగతి తప్పకుండా అడగండి. ఆ దేశానికి ఉత్తరపు అంచున ఉన్న మడ అడవి అది. ఒకప్పుడు అక్కడ ఉన్నవి రొయ్యల చెరువులు, చేపల చెరువులే. 1986లో కొందరు పక్షి ప్రేమికులు అక్కడ వలస పిట్టలు దిగడం గమనించి, ఆ చోటును కాపాడమని ప్రభుత్వాన్ని కోరారు. 1993లో అది ప్రకృతి పార్కుగా తెరుచుకుంది. 2002లో రక్షిత ప్రాంతమైంది. పాత చెరువుల తూములు ఇప్పటికీ పనిచేస్తున్నాయి. పోటు వేళ బయట ఒండ్రంతా మునిగిపోయినా, ఉల్లంకి పిట్టలు మేత వెతుక్కునేందుకు లోపలి చెరువులో నీళ్లు తగ్గించి ఉంచుతారు.

చెరువు గట్ల మీద పెరిగిన దివిసీమ పిల్లలకు ఈ పాఠం ఎంత తేలిగ్గా ఎక్కుతుందో చూడండి! తూము ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో ఇంట్లో రోజూ వినే మాటలే కదా.

ఆ సింగపూర్ మడ మొత్తం రెండు చదరపు కిలోమీటర్లు. అవనిగడ్డకు దగ్గర్లోనే, నాగాయలంక, కోడూరు దాటాక మొదలయ్యే కృష్ణా అభయారణ్యం 190 చదరపు కిలోమీటర్ల పైమాటే. 1989లోనే దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. నీళ్లలో దిగి చేపలు పట్టే బావురుపిల్లి అక్కడ ఉంది. ఆ తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. హంసలదీవి వెళ్లి సంగమంలో మునిగి వచ్చిన పిల్లల్లో, పక్కనున్న మడ చెట్టు వేళ్లు బురదలోంచి పైకి ఎందుకు లేస్తాయో ఎందరికి తెలుసు?

అందుకే టీచరు పిల్లల్ని అటు తీసుకెళ్తానంటే కాదనకండి. మీ భయం నాకు అర్థమవుతుంది. 1977 నవంబర్ 19 ఉప్పెన చూసిన సీమ మనది. నీళ్ల వైపు పిల్లల్ని పంపాలంటే పెద్దవాళ్ల గుండె ఝల్లుమంటుంది. అడగవలసినవన్నీ అడగండి: అటవీశాఖ అనుమతి ఉందా, పోటు ఏ వేళకు, పడవెక్కితే లైఫ్ జాకెట్లు ఉన్నాయా, పెద్దవాళ్లు ఎందరు వెళ్తున్నారు. జవాబులు సరిగ్గా ఉంటే నిశ్చింతగా పంపండి. ఒక పూట లెక్కల ట్యూషన్ పోతుందని మాత్రం ఆపకండి.

పీతలు పట్టేవాళ్లు, వలలు వేసేవాళ్లు మీలో ఉంటే, ఆ రోజు టీచరుకు మీ అవసరం చాలా ఉంది. ఏ పాయలో ఏ చేప దొరుకుతుందో, పోటు పాట్లు ఎలా మారతాయో మీకు తెలిసినంత పుస్తకంలో దొరకదు. మీ పిల్లలు తోటి పిల్లల ముందు మీ నోట ఆ మాటలు వినాలి.

పిల్లలు ఇంటికొచ్చాక బట్టలకు బురద ఉందని కసురుకోకండి. ఏం చూశావని అడిగి, వాళ్లు చెప్పేదాకా ఓపిక పట్టండి. ఇంట్లో తాతయ్యో నాయనమ్మో ఉంటే, ఆనాటి ఉప్పెన కబురు ఆ రాత్రే చెప్పించండి. కెరటం ఉధృతిని మడ అడవి తగ్గిస్తుందన్న మాట అప్పుడు వాళ్ల మనసుకు పడుతుంది.

ఈ ఏడాది బడి నుంచి అనుమతి కాగితం వస్తే సంతకం పెట్టండి. వీలైతే మీరూ వెంట వస్తామని టీచరుకు చెప్పండి.