శిక్షణ ఫలించెనో లేదో తెలిసికొనుట యెట్లు?



మన సంఘములలో శిక్షణ తరగతులు తరచుగా జరుగుచున్నవి. షామియానా వేయుదురు, హాజరు పుస్తకమున సంతకములు తీసికొందురు, మధ్యాహ్నము భోజనము పెట్టుదురు, సాయంకాలము ఫోటో తీసి పై వారికి పంపుదురు. తరగతి జరిగినదనుటకు ఇన్ని సాక్ష్యములు గలవు గాని, రైతునకేమి వచ్చినదనుటకు ఒక్క సాక్ష్యమును కానరాదు. 1844లో ఇంగ్లాండు దేశమున రాచ్‌డేలులో సహకార దుకాణము తెరచిన నేతపనివారు, పిదప తమ మిగులులో నూటికి రెండున్నర వంతు సభ్యుల విద్యకై తీసియుంచిరి. పేదవారు కూడబెట్టిన అట్టి సొమ్మును లెక్కలేకుండ వ్యయము చేయుట తగునా? సొమ్ము మాట అటుండనిండు. నాట్ల కాలమున రైతు ఒక దినము పని మానుకొని వచ్చి కూర్చుండుట యెంత ఖరీదో మీకు నేను చెప్పనక్కరలేదు. ఎరువు బస్తాను తూచి తీసికొను మనము శిక్షణను మాత్రము తూచకుండ ఏల తీసికొనవలయును?

ముందుగా నా తప్పు నేనే చెప్పుకొందును. కొన్నియేండ్ల క్రిందట డెల్టాలోని యొక గ్రామమున వరి దోమపోటును గూర్చి రెండు దినములు తరగతి నడపితిని. నలుబదిమంది వచ్చిరి. గోడమీద పెద్ద పెద్ద బొమ్మలు చూపితిని. కడపట “అర్థమైనదా?” అని యడిగితిని. “అయిందండీ” అని అందరును ఏకకంఠముగ పలికిరి. తరగతి జయప్రదముగ ముగిసినదని నివేదిక వ్రాసి పంపితిని.

ఆ కార్తికమాసమున ఆ దారినే పోవుచుండగా, తరగతిలో రెండు దినములును ముందువరుసలో కూర్చున్న రైతొకడు మందు కొట్టుచు కనబడెను. మందు సరియైనదే. కాని మడిలో నీరు నిండుగా నుండెను. తుంపర యంతయు ఆకుల కొనలమీదనే పడుచుండెను. దోమ యుండునది నీటికి పైగా దుబ్బు మొదట గదా! “మొదళ్ళు తడవవలెనని చెప్పితిని గదా, అయ్యా?” అంటిని. “చెప్పారేమోనండి. మీ బొమ్మలో దోమ అరచెయ్యంత ఉంది. అంతటిది ఎక్కడా కనపడకపోతే మా చేలో లేదనుకున్నాను. పక్కవాళ్ళు కొడుతుంటే నేనూ కొడుతున్నాను” అనెను. పదిదినములలో ఆ చేను సుడులు సుడులుగా ఎండిపోయెను. అతడు సంఘములో పంటఋణము తీసికొన్నవాడు. ఆ యేడు వాయిదా చెల్లింపలేకపోయెను.

అతడు వినలేదనుటకు వీలులేదు. అతడు నేర్చెనో లేదో నేను చూడలేదు. “అర్థమైనదా?” అను ప్రశ్న పరీక్ష కాదు, పెద్దమనిషి యడిగినప్పుడు కాదనుట మర్యాద కాదని మనవారు అవుననెదరు.

నేను చదివిన మిషను పాఠశాలలో వడ్రంగము నేర్పెడు మేస్త్రీగారు మార్కులు వేసెడివారు కారు. పీట చేసిన బాలుని దానిమీదనే కూర్చుండబెట్టి, అటునిటు ఊగుమనెడివారు. కాలు ఊడినచో క్రిందపడువాడు చేసినవాడే. ఆ పీట నాకు వ్యవసాయ శాఖలోనికి వచ్చిన పిదపగాని జ్ఞప్తికి రాలేదు.

ఈ విషయమున మనకు మంచి దారి చూపినది ఇండోనేషియా దేశము. అచ్చట వరిపై మితిమీరి మందులు చల్లుటచేత దోమను తిను సాలీళ్ళు మొదలగునవి చచ్చి, దోమ విపరీతముగ పెరిగెను. 1986లో ఆ ప్రభుత్వమువారు 57 రకముల పురుగుమందులను వరిపై వాడరాదని నిషేధించిరి. నిషేధించినంతమాత్రమున రైతునకు పురుగుల జ్ఞానము కలుగదు గనుక, 1989లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సహాయముతో చేలలోనే బడులు పెట్టిరి. మన ప్రాంతమున దానినే పొలంబడి యనుచున్నాము. సుమారు 25 మంది రైతులు వారమునకొక ఉదయము చొప్పున పంటకాలమంతయు ఒకే చేనికి పోవుదురు. దుబ్బులు విడదీసి చూచి, శత్రుపురుగులెన్ని, మిత్రపురుగులెన్ని యని లెక్కించి, కాగితముమీద బొమ్మ గీసి, మందు కావలయునా వలదా యని తమలో తామే తర్కింతురు. “ఇదేమి పురుగు?” అని రైతు అడిగినచో బోధకుడు వెంటనే పేరు చెప్పడు. “ఎచ్చట దొరికినది? ఏమి తినుచుండెను?” అని తిరిగి యడుగును. మొదట ఇది రైతులకు విసుగు పుట్టించును, నాకును పుట్టించినది.

ఆ బడిలోని పరీక్ష మిక్కిలి మెచ్చదగినది. మొదటి దినమునను కడపటి దినమునను చేని గట్టువెంబడి కొయ్యలు పాతి, ఒక్కొక్కదానికి ఒక ప్రశ్న కట్టుదురు. ప్రశ్నలో అడిగినది బొమ్మ కాదు. ప్రాణముతోనున్న పురుగో, తెగులు సోకిన ఆకో దారముతో కట్టి చూపబడును. క్రింద మూడు పెట్టెలు. ఇది పంటకు మేలు చేయునా, కీడు చేయునా, ఏమియు చేయదా? రైతు తన సంఖ్య వ్రాసిన చీటిని తనకు తోచిన పెట్టెలో వేయును. చదువురానివారికి ప్రశ్న చదివి వినిపింతురు. ఓటు వేయుట అందరకును తెలిసినదే గనుక ఎవరికిని సిగ్గుండదు.

ఇచ్చట నొక జాగ్రత్త. మూడు పెట్టెలున్నచోట కన్నులు మూసికొని వేసినను మూడింట నొకటి సరిపడును. కావున నూటికి ముప్పదిమూడు సరియైన చీటులు వచ్చినచో ఏమియు రాలేదనియే లెక్క. మొదటి దినపు లెక్కకును కడపటి దినపు లెక్కకును గల తేడాయే శిక్షణ బరువు. కడపటి దినమున గూడ పదిమందిలో ఎనమండుగురు అక్షింతల పురుగును శత్రువనిన, తప్పినది ఆ యెనమండుగురు కాదు, బోధకుడు.

అయినను కడపటి దినపు పరీక్షతో ఊరకుండరాదు. తెలిసినదంతయు చేయుట యుండదు. నాటునప్పుడు ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట విడువవలెనని దోమపోటు తరగతులలో చెప్పుదురు. గాలి వెలుతురు దుబ్బు మొదలికి చేరును. మందు కొట్టవలసివచ్చినను మొదటికి తగులును. తరగతికి వచ్చిన నలుబదిమందిలో ఎందరు బాటలు తీసిరో మరుసటి పంటలో గట్లమీద నడచి లెక్కించినచో ఏ నివేదికయు అక్కరలేదు. తీయనివారిని గద్దింపరాదు, కారణమడుగవలెను. కూలీలు గంపగుత్తకు నాటుటచే మాట వినలేదని యొకరు, కౌలుచేనిలో జాగా వృథాయగునని యొకరు చెప్పుదురు. అవియే మరుసటి తరగతికి పాఠములు.

వయోజనులకు అక్షరములు నేర్పుటయందును ఇదే లోపము. 1978 అక్టోబరు 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమము ఆరంభమైనది మొదలు వ్రేలిముద్రకు బదులు సంతకము వచ్చుటనే పెక్కుచోట్ల చదువుగా ఎంచిరి. చదువు బ్రతుకును తాకినచో ఎట్లుండునో నెల్లూరు జిల్లా చూపినది. అచ్చటి దూబగుంటలో రాత్రిబడికి వచ్చిన స్త్రీలు సారాను ఎదిరించిరి. ఆ యుద్యమము 1992లో జిల్లాయంతట వ్యాపించి, 1993 అక్టోబరులో రాష్ట్రమున సారా నిషేధమునకు దారితీసెను. మన సంఘమునకు నేను కోరు పరీక్ష చిన్నది. సభ్యుని చేతికి ఆతని పాసుపుస్తకమిచ్చి, అసలెంత, వడ్డీ యెంత, వాయిదా ఎప్పుడని యడుగవలెను. పురుగుమందు డబ్బా ఇచ్చి, దానిమీది రంగు గుర్తేమి చెప్పుచున్నదో అడుగవలెను. ఎరుపు మిక్కిలి విషము, తరువాత పసుపు, నీలము, ఆకుపచ్చ. సంతకము చేయగలిగియు ఎరుపు డబ్బాను వంటయింటి గూటిలో నుంచిన ఇల్లు నేను చూచితిని.

కార్యదర్శులకు ఒక మనవి. రాబోవు ఖరీఫులో విత్తన పరీక్ష తరగతికి ఉపన్యాసము వలదు. వచ్చువారు తమ యింటి వడ్లలో నూరు గింజలు లెక్కించి తడిగుడ్డలో చుట్టి తెచ్చి, మొలకలు అందరియెదుట లెక్కింతురు గాక. ఎనుబదికి తగ్గినచో ఆ విత్తనము వలదని ఎవరికి వారే నిర్ణయింతురు. గత యేడు తరగతులకు వచ్చినవారి పేర్లును చేలును వ్రాసి నాకు పంపుడు. నాట్లు ముగిసిన నెలకు నేను వచ్చెదను. ఉదయము ఆరు గంటలకు మీలో ఇద్దరు నాతో గట్లమీదికి రావలెను.