పాత స్ప్లెండర్ని కెఫే రేసర్‌గా మార్చడం ఎలా?

కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ (కేజీఎఫ్) రాబర్ట్‌సన్‌పేటలో ఏ మెకానిక్ షెడ్డు దగ్గర కాసేపు నిలబడినా ఫోన్లో ఒక ఫొటో చూపించి "ఇట్లా చేసిస్తావా అన్నా?" అని అడిగే కుర్రాడు కనిపిస్తాడు. ఫొటోలో వంగిన హ్యాండిలు, వెనక మూపురంలా లేచిన ఒంటి సీటు, ఉన్నాయో లేవో తెలియని మడ్‌గార్డులు. అన్న కాదనడు. గ్రైండర్ తీసి సీటు వెనకాల ఛాసిస్ కోసేస్తాడు. చాలా బళ్లు చెడేది సరిగ్గా అక్కడే. ఈ పనిని గ్రైండర్ ముట్టకుండా ఇంటి వరండాలోనే చేసుకోవచ్చు. దానికి ఒకటే షరతు: మళ్లీ వెనక్కి తిప్పలేని పని ఏదీ మొదటి బండి మీద చేయకూడదు.

ఈ తరహా బండి పుట్టింది లండన్‌లో. 1950లు, 60లలో నార్త్ సర్క్యులర్ రోడ్డు మీద ఉన్న ఏస్ కెఫే దగ్గర చేరే కుర్రాళ్లకు గంటకు 100 మైళ్లు దాటాలని పిచ్చి. బరువు తగ్గించడానికి అక్కర్లేనివన్నీ ఊడదీశారు, గాలికి అడ్డు తగలకుండా హ్యాండిలు కిందికి దించారు. మరీ పట్టుదల ఉన్నవాళ్లు నార్టన్ ఛాసిస్‌లో ట్రయంఫ్ ఇంజన్ కూర్చి దానికి ట్రైటన్ అని పేరు పెట్టుకున్నారు. మన 97 సీసీ బండికి ఆ వేగం ఎలాగూ రాదు. మనం వాళ్ల దగ్గర తీసుకోవలసింది రెండే: అనవసరమైన బరువు దించడం, నడిపేవాణ్ని కాస్త ముందుకు వంచడం. శ్రమ లేకుండా రూపం మాత్రం చాలనుకునేవాళ్లకు రాయల్ ఎన్‌ఫీల్డ్ వారి కాంటినెంటల్ జీటీ ఉంది. 2013లో 535 సీసీ, 2018లో 650 సీసీ వచ్చాయి. డబ్బుంటే కొనుక్కోండి, తప్పేం లేదు.

బండి ఎంపిక. ఇంట్లో తాతగారి యెజ్డీ ఉంటే దాని జోలికి పోవద్దు. మైసూరులో దాన్ని తయారుచేసిన ఐడియల్ జావా మూతపడింది 1996లో. యమహా ఆర్‌ఎక్స్ 100 తయారీ ఆగిందీ ఆ ఏడాదే. ఆ రెండింటికీ ఉన్నది ఉన్నట్టుగా ఉంటేనే విలువ. నా ఓటు పాత హీరో హోండా స్ప్లెండర్‌కి. సామాను బేతమంగళం అంగడిలోనూ దొరుకుతుంది, సీటు కింది గొట్టాలు పెద్ద వంపులు లేకుండా వెళ్తాయి, ఇంజన్ విప్పి బిగించడం తెలియని మెకానిక్ ఉండడు.

బేరం ఆడే ముందు ఆర్‌సీ చేతిలోకి తీసుకుని ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు గుడ్డతో తుడిచి అక్షరం అక్షరం సరిచూడండి. కేఏ-08 అయితే కేజీఎఫ్ ఆర్టీఓ, కేఏ-07 అయితే కోలారు. కుప్పం, వి.కోట వైపు నుంచి చవగ్గా వచ్చే ఆంధ్రా రిజిస్ట్రేషన్ బండి అయితే ఎన్‌ఓసీ తేవాలి, ఇక్కడ రోడ్ ట్యాక్స్ కట్టాలి. ఆ ఖర్చు కలిపితే చవక కాస్తా ఆవిరైపోవచ్చు. 15 ఏళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించారో లేదో చూడండి. కాగితాలు లేని బండి గుజరీ ధరకు వస్తున్నా వద్దు.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకీ బండికీ తేడా వచ్చేలా మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ అంటుంది. అందుకే ఛాసిస్ కోయడం, వేరే ఇంజన్ పెట్టడం, బఫిల్ పీకేసిన సైలెన్సర్, ఈ మూడూ మన జాబితాలో లేవు. ఆర్‌సీలో ఇద్దరు కూర్చోవచ్చని ఉంటే సీటు ఇద్దరిదిగానే ఉండాలి. వెనక కూర్చునేవారికి చేతిపట్టు, కాలిపట్టు, వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే గార్డు, అదే మనం చీర గార్డు అనేది, ఇవి ఉండాలన్నది కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం. రంగు మారిస్తే ఆర్టీఓలో చెప్పి ఆర్‌సీలో రాయించుకోండి. చేసేది చిన్న మార్పే అనిపించినా మొదలుపెట్టే ముందు ఒకసారి అక్కడే అడగడం మేలు.

విప్పడానికి ముందు బండి సరిగ్గా నడవాలి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి సైలెన్సర్ వెనక నిలబడండి. నీలం పొగ వస్తే ఆయిలు మండుతోందని అర్థం. వాల్వు సీళ్లో, రింగులో చూపించండి. ముందు చక్రం పైకెత్తి హ్యాండిలు నెమ్మదిగా తిప్పితే మధ్యలో ఎక్కడో పట్టినట్టు ఆగుతుందా? కోన్‌సెట్ పోయింది. ఫోర్కు ఆయిల్ సీళ్లు, బ్రేక్ షూలు, టైర్లు, చైన్ స్ప్రాకెట్, స్పోకులు, వీటికి అయ్యే ఖర్చు ముందే పక్కన పెట్టి, మిగిలినదాంతో అందం చూసుకోండి. చాలామంది పెయింటుకు పోసి బ్రేకుల దగ్గర పొదుపు చేస్తారు.

విప్పేటప్పుడు ప్రతి వైరు జాయింటుకూ ఫొటో తీయండి. ఏ భాగం బోల్టులు ఆ భాగానికే కవర్లో వేసి పేరు రాయండి. ఊడదీసిన అసలు సామానంతా ఒకే గోతంలో ఉండాలి. ఒక్క వాషర్ కూడా పారేయొద్దు.

ఇప్పుడు అసలు పని, కూర్చునే తీరు. హ్యాండిలు విప్పి, ఒక పీవీసీ పైపు ముక్కను ఫోర్కులకు అడ్డంగా తాడుతో కట్టండి. బండిని మెయిన్ స్టాండు మీద నిలబెట్టి ఎక్కి కూర్చుని పైపు పట్టుకోండి. పక్క నుంచి ఎవరిచేతనైనా ఫొటో తీయించి, పది నిమిషాలు అలాగే ఉండండి. బరువంతా అరచేతుల్లోకి దిగుతుంటే పైపు కాస్త పైకి జరపండి. మోచేతులు సడలి, నడుం లాగకుండా ఉన్న చోటే మీ హ్యాండిలు ఎత్తు. కెఫే రేసర్ నడిపితే నడుం పోతుందని పేరు రావడానికి ఈ పది నిమిషాలు మిగుల్చుకున్నవాళ్లే కారణం.

ఫోర్కు గొట్టాలకు బిగించే క్లిప్-ఆన్ హ్యాండిళ్లు ఫొటోలో బాగుంటాయి. స్ప్లెండర్‌కి అవి పెట్టాలంటే హెడ్‌లైటు పట్టే చెవులు తీసేయాలి, కొత్త బ్రాకెట్లు చేయించాలి. మొదటి బండికి అసలు క్లాంపుల్లోనే బిగిసే పొట్టి, తిన్నటి హ్యాండిలు చాలు. క్లిప్-ఆనే కావాలంటే వెర్నియర్‌తో ఫోర్కు బయటి కొలత తీసుకోండి. అర మిల్లీమీటరు తేడా ఉన్నా బ్రేకు గట్టిగా పట్టినప్పుడు జారుతుంది. లేత్ పని వచ్చినవాళ్లకు ఈ ఊళ్లో కొదవ లేదు. ఇక్కడి బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డా, గనులూ 1964లో మొదలైన బీఈఎంఎల్ సంస్థా తయారుచేసిన ఫిట్టర్లు, టర్నర్లు, వాళ్ల దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ఇక్కడే ఉన్నారు. అండర్సన్‌పేటలో టర్నర్ దగ్గరికి కాగితం మీద కొలత రాసుకుని వెళ్తే తమిళం కలిసిన తెలుగులో ఒకటే మాట: "కాయితం నాకెందుకు సామీ, ముక్క పట్టుకురా." ముక్క తీసుకెళ్లండి.

హ్యాండిలు దించాక కేబుళ్లు పొడవైపోతాయి. వాటిని మడిచి కట్టకండి, విశాలంగా వంపు తిప్పండి. తర్వాత ఇంజన్ స్టార్ట్ చేసి, ఐడిల్లో ఉంచి హ్యాండిలు ఎడమకీ కుడికీ చివరిదాకా తిప్పండి. శబ్దం పెరిగితే యాక్సిలరేటర్ కేబుల్ ఎక్కడో లాగుతోంది. అలాగే రోడ్డెక్కితే మలుపులో బండి తనంతట తనే దూకుతుంది. పూర్తిగా తిప్పినప్పుడు బొటనవేలికీ ట్యాంకుకీ మధ్య వేలెడు సందు ఉండాలి.

సీటు. ట్యాంకు అడుగు గీత, సీటు అడుగు గీత పక్క నుంచి చూస్తే ఒకే వరసలో సాగాలి. ఈ బళ్ల అందమంతా ఆ గీతలోనే ఉంది. ఛాసిస్ మీద అట్టముక్కలతో సీటు ఆకారం కట్టి, పైన ప్యాకింగ్ టేపు చుట్టి, మైనం పాలిష్ పూసి, ఫైబర్ మ్యాటు మూడు పొరలు రెజిన్‌తో వేయండి. కోలారు ఎండల్లో రెజిన్ డబ్బాలోనే గట్టిపడుతుంది కనుక కొంచెం కొంచెంగానే కలపండి. ఆరుబయట, మాస్కు, గ్లౌజులతో. ఆరాక అంచులు రాకి, అసలు సీటు బోల్టు రంధ్రాలకే బిగించండి. రెండంగుళాల గట్టి ఫోము, పైన రెగ్జిన్ సీటు కుట్టేవాళ్లకు ఇవ్వండి. వెనక మూపురం కావాలంటే రెండు మరలతో ఊడివచ్చే మూతగా చేసుకోండి.

ఫుట్‌రెస్టులు వెనక్కి జరపడం తర్వాతి బండికి వాయిదా వేయమంటాను. గేరు రాడ్డు పైకి బిగిస్తే ఒక రకం, కిందికి బిగిస్తే గేర్లు తలకిందులు. వెనక బ్రేకు లీవరు కోణం మారితే పట్టు తగ్గుతుంది.

ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసేసి చిన్న శంకు ఫిల్టరు పెట్టి, సీటు కింద ఖాళీ చూపించడం ఇప్పటి ఫ్యాషన్. కేజీఎఫ్‌లో మాత్రం వద్దే వద్దు. బంగారం తీశాక మిగిలిన పిండిరాయి ఇక్కడ సైనైడ్ దిబ్బలుగా పడి ఉంది, గాలికాలంలో ఆ ధూళి ఊరంతా కమ్ముతుంది. అది మెత్తటి క్వార్ట్జ్ పొడి. గని కార్మికుల ఊపిరితిత్తుల్లో సిలికోసిస్ తెచ్చింది ఈ రాతి ధూళే. బండిలో దూరితే పిస్టన్ రింగుల్ని, బోరునీ అరగదీస్తుంది. పైగా శంకు ఫిల్టరుతో గాలి ఎక్కువై జెట్టు మార్చాల్సి వస్తుంది. డబ్బా ఉంచి నల్లరంగు వేయండి, ఎవరికీ కనిపించదు. సర్వీసు తర్వాత ప్లగ్గు తీసి చూడండి: ఇటుక గోధుమరంగు అయితే సరే, తెల్లగా ఉంటే పెట్రోలు చాలట్లేదు, మసి పట్టి ఉంటే ఎక్కువైంది.

వైరింగులో ఒక్క హెచ్చరిక. పాత స్ప్లెండర్‌లో హెడ్‌లైటు బ్యాటరీ నుంచి కాక మ్యాగ్నెటో నుంచి ఏసీ కరెంటుతో వెలుగుతుంది, రేసు ఇస్తే వెలుతురు పెరిగేది అందుకే. బజార్లో కొన్న గుండ్రటి ఎల్‌ఈడీ లైటును నేరుగా అక్కడ తగిలిస్తే వణుకుతుంది, లేదా కాలిపోతుంది. ఏసీకి పనికొచ్చేదే అడిగి కొనండి. అద్దాలు, ఇండికేటర్లు ఉంచండి. ఇంకెక్కడైనా వెల్డింగు చేయించాల్సి వస్తే ముందు బ్యాటరీ, సీడీఐ రెండూ విప్పేయండి.

పెయింటు చివర. ఛాసిస్ నంబరు మీద మాస్కింగ్ టేపు వేయడం మరవకండి.

మొదటి రోజు ఖాళీ మైదానంలో బ్రేకులు మాత్రమే పరీక్షించండి. రెండోసారి బేతమంగళం చెరువు దాకా, నెమ్మదిగా, ఉదయం పూట, జేబులో 10, 12, 14 నంబరు స్పానర్లతో. చెరువు కట్ట దగ్గర ఆగి ప్రతి నట్టూ చేత్తో కదిపి చూడండి. చైను మధ్యలో అంగుళం దాకా ఊగాలి, అంతకు మించితే బిగించండి. 100 కిలోమీటర్లు తిరిగాక హ్యాండిలు క్లాంపులు, ఇంజన్ మౌంటింగులు, యాక్సిల్ నట్లు, సీటు బోల్టులు మళ్లీ బిగించండి. ఏదైనా ఒకటి రెండోసారి కూడా వదులైతే ఊరికే ఇంకా బిగించకండి. స్ప్రింగ్ వాషర్ వేశారో లేదో, రంధ్రం పెద్దదైందో చూసి అప్పుడు బండి తీయండి.