బోంగో జిల్లా – రాళ్ళు, జనం, నీళ్ళు



ఆఫ్రికా పటంలో పశ్చిమాన ఘనా దేశాన్ని వెతకండి. దాని ఈశాన్య మూలన, బుర్కినా ఫాసో సరిహద్దును ఆనుకొని బోంగో అనే చిన్న జిల్లా ఉంది. (కాంగో కాదు, బోంగో! పదో తరగతిలో నేనే పొరబడ్డాను.) ఇది అప్పర్ ఈస్ట్ ప్రాంతంలోనిది. విస్తీర్ణం సుమారు 460 చదరపు కిలోమీటర్లు.

జిల్లా అంతటా గ్రానైట్ గుట్టలు, ఒకదానిపై ఒకటి పేర్చినట్టుండే బండరాళ్ళు. ఫోటో చూస్తే మన దేవరకొండ, భువనగిరి పరిసరాలే అనుకుంటారు. వాన మే నుండి అక్టోబరు వరకే. ఆపైన సహారా నుండి హర్మటాన్ అనే పొడిగాలి దుమ్ము మోసుకొస్తుంది. సజ్జ, జొన్న, వేరుశనగ ముఖ్య పంటలు. ఇంటి చుట్టూనే చేను ఉంటుంది. గిన్నీ కోళ్ళు, మేకలు పెంచుతారు. స్త్రీలు గడ్డితో బుట్టలు అల్లుతారు. గురునే భాష మాట్లాడే ఫ్రాఫ్రా ప్రజలే ఎక్కువ.

ఇక జనాభా. 2010 లెక్కల్లో 84,545 మంది. 2021 నాటికి 1,20,254. అంటే చదరపు కిలోమీటరుకు 260 మందికి పైగా! ఘనా మొత్తం సగటు దాదాపు 130 మాత్రమే. రాళ్ళ నేల, ఒక్క కారు పంట. అలాంటిచోట దేశ సగటుకు రెట్టింపు జనం ఎందుకున్నారు?

ఒక కారణం చిన్న నల్ల ఈగ. వోల్టా ఉపనదుల పారే నీటిలో పెరిగే ఆ ఈగ కుట్టి, మనుషులకు చూపు పోగొట్టే జబ్బు తెచ్చేది. అందుకే నది ఒడ్డున మంచి నేల ఉన్నా వదిలి జనం మెట్టకు జరిగారు. పొరుగున ఉన్న నాంగోడి ప్రాంతంలో ఇలా ఊళ్ళు వెనక్కి తగ్గిన తీరును 1960లలోనే భూగోళ శాస్త్రజ్ఞుడు జాన్ హంటర్ వివరించాడు. 1974లో మొదలైన నివారణ కార్యక్రమంతో ఆ బెడద తగ్గింది.

రెండో సంగతి వలస. ఆంగ్లేయుల పాలనలో రైలు మార్గాలు, కోకో తోటలు, గనులు అన్నీ దక్షిణానే. ఉత్తరం కూలీలను పంపే ప్రాంతంగా మిగిలింది. ఇప్పటికీ పంట కాగానే యువకులు కుమాసి, అక్రా నగరాలకు పోతారు. ఆడపిల్లలు అక్కడి అంగళ్ళలో నెత్తిన బరువులు మోస్తారు. 2010లో బోంగోలో 100 మంది స్త్రీలకు పురుషులు 90 మందే ఉండటానికి ఇదొక కారణం. మన పాలమూరు వలసలు తెలిసిన వారికి దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు.

ఇప్పుడు అసలు విషయం. ఒకప్పుడు కుంటనీరు తాగి నారికురుపుతో బాధపడేవారు. 1970లలో కెనడా ప్రభుత్వ సాయంతో ఆ ప్రాంతమంతా బోర్లు వేసి చేతిపంపులు బిగించారు. ఎంతో మేలు జరిగింది. కానీ బోంగో గ్రానైట్ పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచిన నీటిలో ఫ్లోరైడ్ కరిగి ఉంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంటే, ఆ ప్రాంతపు బోర్లలో 4.6 వరకు ఉన్నట్టు 1997లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది. తేటగా, చల్లగా ఉండే నీరే పిల్లల పళ్ళపై గోధుమరంగు మచ్చలు వేసింది.

నాది మర్రిగూడ వైపు. ఈ హాస్టల్లో చేరిన కొత్తలో నవ్వు వస్తే చేయి అడ్డం పెట్టుకునేవాణ్ణి. మాలో చాలామందిమి అంతే. అందుకే ఆ పిల్లల గురించి చదివినప్పుడు దూరదేశమనిపించలేదు. పాలపళ్ళు ఊడి కొత్తవి రాకముందే, చిగురు లోపలే పన్ను చెడుతుంది. వచ్చాక ఎంత తోమినా మచ్చ పోదు.

పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి మన నల్గొండ పేరే పెట్టారు. తూర్పు ఆఫ్రికాలోనూ దాన్ని వాడారు. అయితే రోజూ కొలిచి కలపాలి, తేర్చాలి, అడుగు మడ్డి పారబోయాలి. అంతకన్నా జలాశయం నీరే మేలు. బోంగోలోనే వేయా అనే పెద్ద చెరువు ఉంది. దాని నీరు శుద్ధి చేసి పక్కనున్న బోల్గటాంగా పట్టణానికి పంపుతారు. పల్లెల్లో మాత్రం ఫ్లోరైడ్ మరీ ఎక్కువున్న పంపులు కొన్నింటిని మూసేశారు. మూసిన చోటి ఆడవాళ్ళు బిందె ఎత్తుకొని మరో పంపుకు నడవాలి, లేదంటే మళ్ళీ కుంటకే.